ఒక్క చేపా లేని ఫొటోలు

పదకొండు గంటలకు తీస్తారట ఆ లోపలి గది తలుపు. ఎవరో ఆఫీసరు వచ్చి రిబ్బను కత్తిరించాలట, ఆయన రాకముందు ఎవరూ లోపల అడుగు పెట్టకూడదట. అంటే ఇంకా గంట సేపు ఈ బయటి హాల్లోనే కూర్చోవాలి, గోడల మీది బూడిదను చూస్తూ. వాచ్‌మన్ ఇమ్మానుయేలు స్టూలు వేశాడు. మనవాడే, వరసకు బావ, హసన్‌పర్తిలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల పుట్టినవాడు, ఇప్పుడు వరంగల్‌లో ఈ మిషన్ హాలుకు ఖాకీ చొక్కా వేసుకుని కాపలా కాస్తున్నాడు. కూర్చున్నాను. కాళ్ళ మధ్య సత్తు డబ్బా, డబ్బాలో నీళ్ళు, నీళ్ళలో కొర్రమట్ట చేప. రెండు కిలోలు ఉంటుంది, ఎవరైనా అడిగితే నాలుగని చెబుతాను. ఫాదర్‌గారికి తెచ్చాను. ఫొటో ఇస్తానన్న మనిషి దగ్గరికి ఉత్త చేతులతో ఎలా పోతాం. బస్సులో కండక్టర్ డబ్బాలో ఏముందని అడిగితే మా మామ అన్నాను, చచ్చిపోయి ఇలా పుట్టాడు, వరంగల్ చూస్తానని ఒకటే గోల అన్నాను. మరి టికెట్ కొట్టనా అన్నాడు అతను. మంచివాడు. ఇక్కడ అలాంటివాళ్ళు ఎవరూ కనబడడం లేదు. చేప తోకతో డబ్బాను కొట్టినప్పుడల్లా తెల్ల చీరల సిస్టర్లు ఇటు తిరుగుతారు, నేను నాకేం సంబంధం లేనట్టు గోడ వైపు తిరుగుతాను.

గోడ మీద ఏముంది గనక. చేపలు పట్టేవాళ్ళ ఊరట. హాలండ్ దేశంలో, సముద్రం ఒడ్డున, నాలుగు వందల ఏళ్ళ నాటి ఊరట. కింద తెలుగులో రాసిపెట్టారు, నాకు చదువు రాదు, ఇమ్మానుయేలు చదివి చెప్పాడు. నలభై ఫొటోలు, రంగు లేదు ఒక్కదానికీ, నలభైలో ఒక్క చేప కూడా లేదు. ఒక పడవ ఉంది, తెరచాప దించేసి, బురదలో పక్కకు ఒరిగి, కల్లు తాగి పడిపోయినట్టు. నీళ్ళలో వరసగా గుంజలు పాతారు, ఆ గుంజలకే ఆరు ఫొటోలు, ఒకటి దగ్గరనుంచి, ఒకటి దూరంనుంచి, ఒకటి మంచులో, ఇంకొకటి ఇంకా ఎక్కువ మంచులో. మా చెరువు తూము దగ్గర కూడా గుంజలున్నాయి, వాటి మీద కొంగలు రెట్టలు వేస్తాయి, ఎవడైనా పనిగట్టుకుని ఫొటో తీశాడా. ఒక సందు ఉంది, తడిసిన ఇటుకలు పరిచిన సందు, రెండు వైపులా కట్టె ఇళ్ళు, తలుపులన్నీ మూసి ఉన్నాయి. పట్టపగలు తలుపులు మూసుకుని లోపల ఏం చేస్తున్నారు వీళ్ళు. ఆరేసిన వల లేదు, ఒకరినొకరు తిట్టుకునే ఆడవాళ్ళు లేరు, పిల్లి లేదు. పిల్లి తిరగని ఊరు చేపల ఊరెలా అవుతుంది. ఇక సముద్రం. కింద సగం బూడిద, పైన సగం బూడిద, రెంటి మధ్య గీత కూడా సరిగా లేదు. వాన పడుతుంటే ఇంట్లో పడుకోక బయటికి వచ్చి ఫొటోలు తీసుకున్నాడు ఆ తెల్లోడు, దానికి మళ్ళీ అద్దాలు, చెక్క ఫ్రేములు, రిబ్బను, ఆఫీసరు. హాలు మొత్తానికి ఉన్న చేప ఒక్కటే, అది నా డబ్బాలో ఉంది.

సముద్రం సంగతి నాకు చెబుతాడా వీడు. నేను చూడలేదు, అది వేరే మాట. ఏటూరునాగారం దగ్గర గోదావరి చూశాను, ఖమ్మం దాటి పోలేదు, అయినా ముప్పై ఏళ్ళుగా చెరువు కట్ట మీద కూర్చుని అందరికీ సముద్రం చెబుతూనే ఉన్నాను. బందరులో ఒక చేప పడితే సోమవారం తల దగ్గర కోయడం మొదలుపెట్టారు, మంగళవారం నడుము దగ్గర ఎండకు ఆగలేక పాక వేసుకున్నారు, తోక దగ్గరికి వచ్చేసరికి బుధవారం. దాని పొలుసు ఒకటి తెచ్చి ఇంటికి కప్పు వేసుకున్నాడు ఒకడు, ఇప్పటికీ వానకు కురవదు. నర్సంపేట పోయే పత్తి బండ్లవాళ్ళు కూడా బండి ఆపి వినేవాళ్ళు. అబద్ధమని వాళ్ళకు తెలుసు, వాళ్ళకు తెలుసునని నాకు తెలుసు, అయినా పొలుసు ఎంత మందం అని అడిగేవాళ్ళు. అందరికంటే బాగా తెలిసింది నా భార్య బక్కమ్మకు. చేపల గంప నెత్తిన పెట్టుకుని పోతూ పోతూ ఆగేది. “నిన్న దాని తోక మంగళారమే తెగింది గదా, ఇయ్యాల బుధారమైందా. సచ్చినంక గూడ ఎదుగుతాందా ఏంది?” అనేది. జనం నా కథకు నవ్విన దానికంటే ఆ మాటకు ఎక్కువ నవ్వేవాళ్ళు. నాకు కోపం రావాలి, వచ్చేది కాదు. రేపటికి ఆ చేపను గురువారం దాకా పెంచాలని అప్పుడే అనుకునేవాణ్ణి.

బక్కమ్మ పోయి పదకొండు నెలలు దాటింది. పచ్చకామెర్లు. దవాఖానలో ఎనిమిది రోజులు. ఇంకో పదిహేను రోజుల్లో ఏడాది దినం వస్తుంది, చుట్టాలంతా వస్తారు, గోడకు ఫొటో పెట్టి దండ వేయాలి, ఫొటో లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. పెళ్ళప్పుడు ఫొటో తీసేవాడు మా వాడకు వచ్చే కాలం కాదు అది. మేడారం జాతరలో ఫొటో డేరా ముందు నిలబడ్డాం ఒకసారి, వెనక పరదా మీద విమానం, ముందు కట్టెతో చేసిన మోటారు సైకిలు, దాని మీద ఎక్కి కూర్చుంటే ఫొటో తీస్తాడు. మా ముందు పదిమంది ఉన్నారు. మా వంతు వచ్చేసరికి రీలు అయిపోయింది, రేపు రమ్మన్నాడు. బక్కమ్మ అప్పటికే ఆ మోటారు సైకిలు మీద కూర్చుంది. దిగమంటే దిగదు. “రీలు లేకుంటే లేకపాయె, జరసేపు కూసుంటే నీ బండి అరుగుతదా?” అని అతన్నే దబాయించింది. కూర్చుంది, నేను ఎదురుగా నిలబడి చూశాను. ఎలా ఉంది అప్పుడు. మోటారు సైకిలు గుర్తుంది. ఆకుపచ్చ రంగు, ముందు చక్రం వంకర. దాని మీద పసుపు రంగు చీర గుర్తుంది, చేపల గంపలు మోసి మోసి నల్లబడ్డ మోచేతులు గుర్తున్నాయి. పైన ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఇదిగో ఈ తెల్లోడి ఫొటోల్లో బూడిద మొగులు కమ్మినట్టు ఉంది.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు నేను. పొలుసుతో కప్పు వేసిన ఇంటి వాకిలి ఎటువైపు ఉందో చెప్పగలను, లేని చేప కంటి రంగు చెప్పగలను, ముప్పై రెండేళ్ళు పక్కన పడుకున్న మనిషి ముఖం చెప్పలేను. మొదటి నెల ఉండేది. తర్వాత ముక్కలుగా రావడం మొదలుపెట్టింది, ముక్కు ఒక రోజు, బొట్టు ఒక రోజు, ఒకదాని పక్కకు ఇంకొకటి చేరదు. చేతి మీద పచ్చబొట్టు, మడమల పగుళ్ళు, గొంతు, అన్నీ ఉన్నాయి. మొన్న చౌరస్తాలో బొమ్మలు గీసే అతని దగ్గరికి పోయాను, పోయినవాళ్ళ బొమ్మ చెబితే గీస్తాడని అన్నారు. ఆమె అక్కాచెల్లెళ్ళు ఎవరైనా ఉంటే తీసుకురా, చూసి దించుతాను అన్నాడు, వాళ్ళ పని అలాగే చేస్తారట. లేరన్నాను. అయితే నోటితో చెప్పు, ముక్కు ఎట్లుంటది అన్నాడు. అరగంట కూర్చుని నల్లగా ఉంటది అని చెప్పాను. అతను ఏం గీశాడు, క్యాలెండర్ లక్ష్మిని తీసుకొచ్చి రెండు చేతులు తగ్గించాడు. ఇంటికి తెచ్చి చూపిస్తే మా బిడ్డ భద్రమ్మ చాలాసేపు చూసింది. “ఇదెవరు బాపూ?” అంది. మీ అమ్మే అన్నాను. “నీ చేప కథ లెక్క అమ్మను గూడ చేస్తివా?” అని లోపలికి పోయింది. నవ్వుతూ అనలేదు ఆ మాట.

అప్పుడు గుర్తొచ్చాడు జానయ్య. అతని పేరు యాన్, అది నోట్లో నిలవదు, అందుకని మేము జానయ్య అన్నాం. ఫాదర్‌గారి చుట్టం, మూడేళ్ళ కింద చలికాలంలో వచ్చాడు, మనిషి తాటి చెట్టంత పొడుగు, మెడలో రెండు కెమెరాలు. ఒక పొద్దున చెరువు మీద పొగమంచు ఉన్నప్పుడు కట్ట మీదికి వచ్చాడు. మంచు పోయిందంటే కెమెరా దించేవాడు, మంచు వచ్చిందంటే ఎత్తేవాడు. అప్పుడే అనుకున్నాను, వీడికి ఏదీ సరిగా కనబడకూడదు, అదే కావాలి వీడికి. అందరినీ తీశాడు, లారీ ట్యూబుల మీద కూర్చుని నీళ్ళలోకి పోయేవాళ్ళను, వలల్ని, నన్ను. బక్కమ్మను కూడా తీశాడు. నేను ట్యూబు మీద నీళ్ళలో ఉన్నాను, ఆమె ఒడ్డున గంప దగ్గర, వాడు ఆమెకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు, మూతి ముందు కెమెరా. నేను ఏదో అన్నాను, ఆమె నవ్వింది, కెమెరా చప్పుడైంది. ఆ చప్పుడు విన్నాను నేను. ఏమన్నానో గుర్తులేదు, రోజుకు నలభై అంటాను, ఎన్ని గుర్తుంటాయి. కానీ వాడు ఎదురుగానే ఉన్నాడు, ఆమె ఎదురుగానే ఉంది, ముఖం ఎక్కడికి పోతుంది. వాడు దేశం పోయి ఇన్నాళ్ళకు ఫొటోలు పంపాడట, వాళ్ళ ఊరివి బయటి హాల్లో, మన చెరువువి లోపలి గదిలో. ఫాదర్‌గారు ఇమ్మానుయేలుతో కబురు పెట్టారు, బక్కమ్మది ఉంది, పెద్దది, కట్టయ్యను వచ్చి చూసుకొమ్మను, చూపించడం అయిపోయాక అతనికే ఇస్తాను అని. రాత్రి భద్రమ్మకు చెప్పాను. నమ్మలేదు. పొద్దున బయల్దేరుతుంటే మాత్రం మంచి తువ్వాల తీసి భుజం మీద వేసింది.

ఈ గుంజల ఫొటోలు తీసినవాడు బక్కమ్మను ఎలా తీసి ఉంటాడు, ఆ భయం ఇప్పుడు మొదలైంది నాకు. ఒక్క మనిషి ముఖమైనా ఉందా ఇక్కడ. ఒక ముసలాయన ఉన్నాడు, సంచుల్లాంటి నల్ల లాగు, నోట్లో చుట్టగొట్టం, ముఖమంతా టోపీ నీడ. ఒక ఆడమనిషి ఉంది, నెత్తిన ముక్కు తేలిన తెల్ల టోపీ, కాళ్ళకు కట్టె చెప్పులు, కట్ట మీద నిలబడి అటు తిరిగి ఉంది, గాలికి పావడా ఎగురుతోంది. అటు తిరిగిన మనిషిని ఫొటో తీయడానికి కెమెరా ఎందుకు. అమ్మా, జర ఇటు తిరుగు అంటే తిరగదా. వీడికి అడగడం కూడా రాదు.

“ఏం రాసిండ్రు బావా దీని కింద?” అన్నాను.

ఇమ్మానుయేలు కళ్ళద్దాలు లేక ఫ్రేముకు ముక్కు ఆనించి చదివాడు. “ఎదురుచూపు, అని రాసిండ్రు.”

“ఎవలకోసం?”

“అది రాయలే.”

“బస్సు కోసమైతది.”

“సముద్రం కాడ బస్సేంది బావా?”

“ఉంటది. జానయ్యే చెప్పిండు, కట్ట మీద బస్సు పోతదట.”

ఆ కట్ట సంగతి. మా చెరువు ఒడ్డున కూర్చుని ఫాదర్‌గారి నోటితో చెప్పించాడు జానయ్య. వాళ్ళ తాత ఒడ్డునున్న వాళ్ళ ఇంట్లోనుంచే పోయి సముద్రంలో చేపలు పట్టేవాడట. తర్వాత సర్కారువాళ్ళు సముద్రానికి అడ్డంగా ఇరవై మైళ్ళ కట్ట కట్టారట. లోపల పడ్డ నీళ్ళలో ఉప్పు పోయి అది మంచినీళ్ళ చెరువయిందట. ఇల్లు అదే, కిటికీ అదే, ముందున్న సముద్రం పోయింది, వాళ్ళ నాన్న చెరువులో పట్టాడు, ఇతనికి పట్టడానికి ఏమీ లేక కెమెరా పట్టాడు. నేను పగలబడి నవ్వాను. ముప్పై ఏళ్ళుగా అబద్ధాలు చెబుతున్నాను, సముద్రానికి కట్ట కట్టడానికి నాకే ధైర్యం రాలేదు. కొత్తవాడు కదా, కొలత తెలియదు, అబద్ధానికి కూడా ఒక కొలత ఉంటుంది అనుకుని, వాణ్ణి పట్టుకుందామని అడిగాను, తూము ఎక్కడ పెట్టారు మరి అని. వాడు నవ్వలేదు. పుల్ల తీసుకుని ఇసుకలో గీశాడు, ఇది కట్ట, ఇటు కొసన ఒక తూము, అటు కొసన ఒక తూము, నీళ్ళు ఎక్కువైతే ఇలా పోతాయి అని. అప్పుడు నా నవ్వు ఆగింది. అబద్ధమాడేవాడికి తూము గుర్తురాదు. నాకు ఎన్నడూ రాలేదు. ఆ రోజు ఒప్పుకోలేదు గానీ అది నిజమేనని నాకు అప్పుడే తెలిసిపోయింది, అప్పటినుంచి వాడంటే నాకు లోపల మంట, నిజం చెప్పి నన్ను ఓడించినవాడు వాడొక్కడే.

అయితే ఏమిటి. సముద్రం పోయింది, పోతే పోయింది, చెరువు ఉంది కదా, చెరువులో పట్టుకోవాలి. పోయినదాని వెంట కెమెరా వేసుకుని తిరుగుతాడా ఎవడైనా. ఎంత తిరిగినా పోయినది ఫొటోలో పడదు, అది ఉండిన చోటు పడుతుంది, అందుకే ఇంత బూడిద, అందుకే గుంజలు, ఆ గుంజలకు కట్టాల్సిన పడవ లేదు గనక. ఎంత చదువుకుంటే ఏం లాభం. మనిషి పోయాక ఉత్త స్టూలు మీద కూర్చుని గోడ వైపు చూస్తూ, అని అనుకుని ఆగిపోయాను. స్టూలు మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నది నేనే. కొర్రమట్ట డబ్బాను గట్టిగా కొట్టింది. ఒక సిస్టరు మళ్ళీ ఇటు చూసింది. ఈసారి నేను తల తిప్పుకోలేదు.

జీపు వచ్చిన చప్పుడు. ఆఫీసరు పొట్టివాడు, ఆయన వెనక నలుగురు, వాళ్ళ వెనక కాలేజీ లెక్చరర్ ఒకాయన, గడ్డం, భుజానికి జోలె సంచి, సారంగపాణి సారు అని ఇమ్మానుయేలు చెవిలో చెప్పాడు, ఫొటోల గురించి పేపర్లో రాస్తాడట. ఆఫీసరు బయటి ఫొటోలన్నీ రెండు నిమిషాల్లో చూశాడు, ఆ ఒక్క విషయంలో ఆయన నాకు నచ్చాడు. సారంగపాణి సారు మాత్రం ప్రతి గుంజ ముందూ ఆగాడు. తల వంచాడు. నిట్టూర్చాడు. గుంజను చూసి నిట్టూర్చే మనిషిని మొదటిసారి చూశాను. రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు, నేను డబ్బా చేతిలో పట్టుకునే లోపలికి పోయాను, ఎక్కడ పెడితే ఎవడు తన్నుతాడో అని. మా చెరువు గోడల మీద ఉంది. మా చెరువును కూడా బూడిద చేశాడు. లారీ ట్యూబులు, వలలు, మంచులో నేను, వేలెడంత, ట్యూబు మీద కాకి వాలినట్టు. తర్వాత మూల దగ్గర, అన్నిటికంటే పెద్దది, నిలువెత్తు, బక్కమ్మ.

అటు తిరిగి ఉంది.

గంప కింద ఉంది. చీర కొంగు నోటికి అడ్డంగా లాక్కుంది, వెనకనుంచి ఆ చెయ్యి మడత మాత్రం కనబడుతుంది. తల వంగింది, భుజాలు చెవుల దాకా లేచాయి. జుట్టు ముడి ఉంది, రవికె వీపు మీద కుట్టు విడిపోయిన చోటు ఉంది, చుట్టూ మంచు ఉంది. ముఖం లేదు. నేను దగ్గరికి పోయాను, అద్దానికి ముక్కు తగిలేదాకా, పక్కనుంచి చూస్తే చెంప అయినా కనబడుతుందేమోనని పక్కకు కూడా పోయాను. అద్దంలో నా ముఖం కనబడింది. మనసులో జానయ్యను వాడి తాత దాకా తిట్టాను, కట్ట కట్టినవాళ్ళను తిట్టాను. బస్సు టికెట్ పెట్టుకుని, కొర్రమట్టను మోసుకుని, మంచి తువ్వాల వేసుకుని వచ్చింది వీపు కోసమా. వీపు నాకు గుర్తుంది.

నా వెనక సారంగపాణి సారు నలుగురికి చెబుతున్నాడు. “చూడండి, ముఖం చూపకుండానే ఎంత దుఃఖం చూపించాడో. చేపలు పడలేదు. ఇంట్లో పొయ్యి రాజుకోదు. ఎవరికీ కనబడకుండా ఏడుస్తున్నది ఈ తల్లి.” కింద ఏదో రాసి ఉంది, ఆయనే చదివాడు, వట్టి గంప, అని. వట్టి గంప ఎక్కడిది. ఆ రోజు పదకొండు కిలోలు పడ్డాయి, బొచ్చెలు, జెల్లలు, పైన తడి గోనె కప్పి ఉంది, గోనె కనబడుతూనే ఉంది, కళ్ళున్నవాడికి.

“సారూ, ఆమె ఏడుస్తలేదు,” అన్నాను.

ఆయన నన్నూ, డబ్బానూ చూశాడు. “మీరెవరు?”

“ఆమె పెనిమిటిని. అప్పుడు నేను గాడనే ఉన్న. ఆమె నవ్వుతాంది.”

ఆయన ముఖం కరిగిపోయింది. నా చెయ్యి పట్టుకున్నాడు, తడిగా ఉన్నా వదల్లేదు. “మీకు అట్ల అనిపించి ఉంటది పెద్దాయనా. ఆడవాళ్ళు భర్తలకు తెలియకుండనే ఏడుస్తరు,” అని మెల్లగా చెప్పి, చెయ్యి నిమిరి, పక్క ఫొటోకు పోయాడు. ఎంత నెమ్మదిగా అన్నాడో. తిట్టినా బాగుండేది. నేను ఎన్ని అబద్ధాలు చెప్పినా మా ఊళ్ళో ఎవడూ నన్ను ఇంత దయగా చూడలేదు.

అయితే ఆ మాట లోపలికి పోయింది. మళ్ళీ ఫొటో చూశాను. తల వంగింది, కొంగు నోటికి, భుజాలు పైకి. ఏడ్చినా అలాగే ఉంటుంది. నేను నీళ్ళలో ఉన్నాను, దూరంగా, మంచులో, నేను విన్నది నవ్వేనా. నవ్వింది అని నేను చెబుతున్నాను, నేను చెప్పేదానికి ఏం విలువ, ఆ చేపకు నేనే కదా సాక్షిని. ఏమన్నానో కూడా గుర్తులేదు నాకు. ముప్పై రెండేళ్ళు నా కథలకు ఆమె నవ్వింది అని నేననుకున్నదంతా కూడా ఇలాంటిదేనా. డబ్బా బరువు చేతిలో తెలుస్తోంది. కింద పెడదామని వంగాను. వంగితే ఆమె కాళ్ళు కనబడ్డాయి.

కుడి కాలు నేల మీద లేదు. ఎత్తి ఎడమ పిక్కకు రాస్తోంది. ఏడ్చే మనిషికి ఆ కాలు లేవదు. మా అమ్మ పోయినప్పుడు చూశాను, మొదటి కొడుకు పోయినప్పుడు చూశాను, రెండు కాళ్ళూ బండల్లా నేలకు పాతుకుని ఏడ్చేది. నవ్వు ఆపుకోలేనప్పుడే, నవ్వీ నవ్వీ ఇక చాలు అని చెయ్యి ఊపేటప్పుడే, ఆ కాలు లేచి పిక్కకు రాసుకునేది, పెళ్ళయిన మొదటి వారంనుంచీ అంతే. ఆ కాలు చూడగానే ఆ రోజు నేనన్న మాట మొత్తం, ఒక్క అక్షరం పోకుండా, వల లాగితే వచ్చినట్టు పైకి వచ్చింది. నోరు తెరిచాను, ఎవరికైనా చెప్పాలి, పక్కన ఇమ్మానుయేలు ఉన్నాడు.

“మా చెల్లె నిజంగ ఏడుస్తాందా బావా?” అన్నాడు అతను.

“నవ్వుతాంది. నేనే నవ్విచ్చిన. వాడు కెమెరా దిక్కు చూడుమంటాండు, ఈమె చూస్తాంది. నేను నీళ్ళలకెళ్ళి అన్న, చూడకే, వాళ్ళ దేశంల చేపలను డబ్బాలల్ల పెట్టి అమ్ముతరు, మూత మీద నీ మొఖం ఏస్తడట అని.”

“ఇంకేమన్నవ్?”

“నా మొఖమేస్తే కొనేటోడెవడు అన్నదామె. కొంటరే పిచ్చిదానా, లోపలిది తిన్నంక మూత గూడ నాకుతరట ఆడ, మూత మీదున్నది నువ్వే గద అన్న. గంతే.”

ఇమ్మానుయేలు ఒక్క క్షణం నన్ను చూశాడు. పక్కనే సిస్టర్లు, ఎదురుగా ఫాదర్‌గారు, ఆఫీసరు. అతను గబుక్కున అటు తిరిగాడు, తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు, తల వంచాడు. ఖాకీ చొక్కాలో అతని భుజాలు చెవుల దాకా లేచి ఊగడం మొదలుపెట్టాయి. నాకు అతని వీపు తప్ప ఏమీ కనబడడం లేదు. అయినా అటువైపు ముఖం ఎలా ఉందో నాకు తెలుసు. తెలిసిన ఆ క్షణాననే ఆమెది కూడా వచ్చింది. ముక్కలుగా కాదు. ఎడమ కన్ను ముందు మూసుకుంటుంది, తర్వాత కుడిది, కొంగు పళ్ళ మధ్య, పైపన్ను కొసన విరిగింది, ముక్కుపుల్ల పక్కన చిన్న మచ్చ, నవ్వు ఎక్కువై కళ్ళలోంచి కారిన నీళ్ళు ఆ మచ్చ దగ్గర ఆగాయి. బక్కమ్మే. ఇక్కడ ఉంది, ఈ కాగితానికి అటువైపు. ముఖమేది బాపూ అని భద్రమ్మ అడుగుతుంది. మొదట కాలు చూపిస్తాను. తర్వాత నా నోటికి వచ్చిన ఆ పాడు మాట చెబుతాను, ఆమె కూడా పెళ్ళయిన మనిషే, పరవాలేదు.

గుమ్మంలోంచి బయటి హాలు కనబడుతోంది, ఆ కట్ట మీద తెల్ల టోపీ ఆడమనిషి కూడా. గంట సేపు ఆమెను తిట్టుకుంటూ కూర్చున్నాను. ఆమె కూడా అటే తిరిగి ఉంది, ఒక కట్టె చెప్పు కొద్దిగా పైకి లేచి ఉంది, ఇందాక అది చూడలేదు నేను. ఆ ఊళ్ళో నాలాంటివాడు ఎవడో, నీళ్ళలోంచి ఏమన్నాడో.

సారంగపాణి సారు మళ్ళీ ఇటే వచ్చాడు. వచ్చి ఇమ్మానుయేలు వీపును చూశాడు, ఊగే భుజాలను చూశాడు, అతని భుజం మీద మెత్తగా చెయ్యి వేశాడు. “ఊరుకో పెద్దాయనా, ఊరుకో,” అన్నాడు. చెయ్యి పడగానే ఇమ్మానుయేలు భుజాలు ఇంకా గట్టిగా ఊగాయి, గొంతులోంచి ఒక చిన్న చప్పుడు కూడా వచ్చింది. సారు కళ్ళు తడి అయ్యాయి. నా వైపు చూసి, “ఈ ఫొటో ఎవ్వరినైనా ఏడిపిస్తది,” అన్నాడు.

“అవును సారూ,” అన్నాను. “చానా దుఃఖమున్నది దీంట్ల.”

మంచి తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని నేను కూడా గోడవైపు తిరిగాను.